గేటు లేని పార్కు

రా, ఇలా నా పక్కన పడుకో. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. అనగనగా ఒక ఊళ్ళో అంటే నువ్వు వెంటనే పొలాలూ గేదెలూ అనుకుంటావు. ఇది ఆ ఊరు కాదు. అనగనగా ఒక పెద్ద పట్నం. తెల్లారింది మొదలు బస్సులూ ఆటోలూ హారన్ల మోత. ఆ పట్నంలో వెలగతోపు కాలనీ అని ఒక కాలనీ. పేరుకే తోపు. వెలగచెట్టు మాట దేవుడెరుగు, ఆ వీధుల్లో కరివేపాకు రెబ్బ కావాలన్నా బజారుకి వెళ్ళాల్సిందే.

ఆ కాలనీలో భ్రమరాంబ గారని ఒకావిడ ఉండేది. ఆడపిల్లల హాస్టల్లో ముప్ఫై ఏళ్ళు వార్డెన్‌గా చేసి రిటైరైంది. ఆవిడ గొంతెత్తితే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి నిలబడేది. మనిషి మంచిదే. కాకపోతే ఏ మంచి వస్తువైనా వాడితే పాడైపోతుందని ఆవిడకి ఒకటే బెంగ. వాళ్ళింట్లో సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉండేది. వాళ్ళాయన శేషగిరి గారు ఎండాకాలం ఆ సోఫాలో కూర్చుని లేచినప్పుడల్లా కవరు వీపుకి అంటుకుని చర్రున లేచొచ్చేది. నవ్వకు. మీ అమ్మ టీవీ రిమోట్‌కి కవరు తొడగలేదూ?

సరే, విను. ఆ కాలనీ మధ్యలో ఒక జాగా ఉండేది. అందరూ చెత్త తెచ్చి అక్కడే పోసేవాళ్ళు. పందులు, దోమలు, ఒకటే కంపు. అప్పుడు భ్రమరాంబ గారు నడుం కట్టింది. కాలనీలో ఆడవాళ్ళందర్నీ కూడగట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్ళింది. మొదటిసారి వెళ్తే ఆఫీసరు లేడన్నారు. రెండోసారి వెళ్తే కాగితం లేదన్నారు. మూడోసారి పెరుగన్నం డబ్బాలు కట్టుకుని వెళ్ళి, ఆఫీసు మెట్లమీదే కూర్చుని అక్కడే తిన్నారు. ఆ తర్వాత పని జరిగింది.

చెత్త ఎత్తారు. మట్టి పోశారు. గడ్డి వేశారు. కానుగ మొక్కలు, నందివర్ధనాలు, ఎర్ర గన్నేరు నాటారు. నాలుగు సిమెంటు బెంచీలు వేశారు. చుట్టూ కంచె కట్టి, ముందు ఒక పెద్ద ఇనప గేటు పెట్టారు. పొద్దున్నే మంచు పట్టిన ఆ గడ్డిని చూసి భ్రమరాంబ గారు కళ్ళు తుడుచుకుంది. అంత కష్టపడింది మరి.

మొదటి ఏడాది అందరూ వచ్చారు. ఒకరోజు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ నడిచే బాటమీద సుద్దతో గీతలు గీశారు. భ్రమరాంబ గారికి అది నచ్చలేదు. అప్పుడు ఒక బోర్డు లేచింది. ఇచ్చట ఆటలు ఆడరాదు.

ఆ తర్వాత ఇస్త్రీ బండి అప్పన్న, బట్టల మూట నెత్తిన పెట్టుకుని గడ్డిమీంచి అడ్డంగా నడిచి వెళ్ళాడు. రెండో బోర్డు లేచింది. గడ్డి తొక్కరాదు.

ఆ తర్వాత ఎవరో వేరుశనక్కాయలు తిని తొక్కలు అక్కడే పోసిపోయారు. ఇంకేముంది, మూడో బోర్డు కూడా లేచింది. ఇచ్చట ఏమీ తినరాదు.

అయినా ఆవిడ మనసు నిలవలేదు. గేటుకి తాళం కొనుక్కొచ్చి వేసింది. తాళంచెవి చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుంది. ఆగస్టు పదిహేనుకి ఒకసారి, జనవరి ఇరవయ్యారుకి ఒకసారి తీసేది. జెండా ఎగరేశాక లడ్డూలు గేటు బయట పంచేది, లోపల పొడి రాలుతుందని.

మామూలు రోజుల్లో పొద్దున్నే ఇద్దరే లోపలికి వెళ్ళేవాళ్ళు. ఒకరు భ్రమరాంబ గారు. రెండోది మున్సిపాలిటీలో ఊడ్చే నూకాలు. నూకాలు ఆకులు ఊడ్చి, మొక్కలకి నీళ్ళు పట్టేది. పని అవ్వగానే బయటికొచ్చేది. భ్రమరాంబ గారు తాళం వేసేది. అప్పుడు నూకాలు కంచె అవతల, మురిక్కాలవ గట్టుమీద కూర్చుని తన డబ్బా తెరిచి తినేది. లోపల నాలుగు బెంచీలూ ఖాళీగా ఉండేవి. కానీ బోర్డుంది కదా. ఇది తప్పని కాలనీలో ఎవరికీ తోచలేదు, భ్రమరాంబ గారికీ తోచలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. పార్కు మాత్రం అద్దంలా ఉండేది. గడ్డి ఒక్క పోచ నలగలేదు.

ఒక బుధవారం నాడు భ్రమరాంబ గారు కూరలు కొనుక్కుని వస్తుంటే, పార్కు కంచె పక్కన ఒకాయన టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. సన్నగా, చంకలో గొడుగుతో ఉన్నాడు. పేరు పీతాంబరం. మున్సిపాలిటీ ఆఫీసరు.

"ఏమండీ, మా పార్కు మీరెందుకు కొలుస్తున్నారు?" అని అడిగింది భ్రమరాంబ గారు.

"పక్క బజారుకి వచ్చేవాళ్ళకి కార్లు పెట్టుకునే చోటు లేదమ్మా. ఇక్కడ నాలుగంతస్తులు కట్టి కార్లు పెట్టిద్దామంటున్నారు. ఈ జాగా ఎవరూ వాడటం లేదని ఫైల్లో ఉంది."

"ఆ మాట రాసిందెవరు?"

"నేనేనమ్మా. మూడు నెలల్లో మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ తాళమే. లోపల మనిషన్నవాడు లేడు. ఉన్నది రాశాను."

"ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్నామండీ" అంది భ్రమరాంబ గారు.

"చూసుకున్నారు, కనబడుతూనే ఉంది. కానీ చూసుకుంటున్నారా అని మా ఫైల్లో గడి లేదు. వాడుతున్నారా లేదా, అంతే." ఆయన టేపు చుట్టుకున్నాడు. "వచ్చే బుధవారం సాయంత్రం ఐదింటికి ఆఖరిసారి వస్తాను. మనుషులుంటే ఉన్నారని రాస్తాను. లేకపోతే లేరని రాస్తాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు."

ఏమైందో అర్థమైందా? పాడైపోతుందని ఎవర్నీ రానివ్వలేదు. ఎవరూ రావట్లేదని పార్కే పోయేట్టుంది. వారం గడువు.

అయితే ఏం, వార్డెన్ కదా. పిలిస్తే రారా అనుకుంది. మర్నాడే బయల్దేరింది.

ముందు ఆడపిల్లల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు అపార్ట్‌మెంటు కింద సెల్లార్లో, స్కూటర్ల మధ్య ఇరుగ్గా ఆడుకుంటున్నారు. వాళ్ళలో పెద్దది లాస్య, తొమ్మిదేళ్ళ పిల్ల.

"ఇదిగో, బుధవారం సాయంత్రం ఐదింటికి మీరంతా పార్కులో ఆడాలి. తలలు దువ్వుకుని రండి" అంది భ్రమరాంబ గారు.

"అక్కడ ఆడకూడదు కదండీ, బోర్డుంది" అంది లాస్య.

"బుధవారం ఆడొచ్చు."

"మరి గురువారం?"

గురువారం సంగతి ఆవిడ అనుకోనే లేదు. తిన్నగా పార్కుకి వెళ్ళి, మొదటి బోర్డు పీకేసింది.

ఆ తర్వాత ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళింది. అప్పన్న నెత్తిమీద చిన్న రేకు ముక్క తప్ప నీడే లేదు. చేతిలో బొగ్గుల పెట్టె, ఒంటినిండా చెమట. "బుధవారం నువ్వూ మీ ఆవిడా కాసేపు పార్కులో కూర్చోండి" అంది ఆవిడ.

అప్పన్న పెట్టె పక్కన పెట్టాడు. "వస్తామండీ. తవరు పిలిచాక రాకుండా ఉంటామా. కానీ బుధవారం కూర్చున్న మనిషి గురువారం కూడా కూర్చుంటాడు. అప్పుడు మీరు కేకలేస్తే మా ఆవిడ ఏడుస్తాదండీ. అదీ నా భయం."

భ్రమరాంబ గారు రెండో బోర్డు కూడా పీకేసింది. కానీ లోపల్లోపల ఆవిడకి చికాగ్గానే ఉంది. పిలిస్తే రావడానికి ఇన్ని షరతులా అనుకుంది.

మర్నాడు పొద్దున్న నూకాలు కాలవ గట్టుమీద కూర్చుని డబ్బా మూత తీస్తోంది. భ్రమరాంబ గారు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నూకాలూ, బుధవారం నీ డబ్బా తెచ్చుకుని లోపల బెంచీమీద కూర్చుని తిను. అందరూ వస్తున్నారు."

నూకాలు ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "నేను రానమ్మగారూ."

"ఎందుకని? గురువారం ఏమవుతుందనా?"

"గురువారం నేనెక్కడ కూకుని తినాలో నాకు తెలుసమ్మా. ఈ గట్టు నన్ను ఏనాడూ లెగమనలేదు." ఆ మాట కోపంగా అనలేదు. మామూలుగా అనేసి, అన్నం తినేసి, చీపురు భుజాన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ముప్ఫై ఏళ్ళలో ఎవరూ భ్రమరాంబ గారిని అలా నిలబెట్టలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఆ గట్టు ఆవిడ కళ్ళముందే ఉంది. ఒక్కసారైనా ఆవిడ దాన్ని చూడలేదు. అదే ఆవిడకి ఎక్కువ బాధనిపించింది.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. శేషగిరి గారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆయన మాటలు తక్కువ మనిషి. "నేనొకటి అడగనా? ఆ సోఫా కవరు తీసేస్తే ఏమవుతుంది?" అన్నారు.

"మాసిపోతుంది."

"మాసిపోతే?"

ఆవిడ లేచి కత్తెర తెచ్చి, కవరు చీరేసింది. శేషగిరి గారు మెల్లిగా వచ్చి సోఫాలో కూర్చున్నారు. చప్పుడు రాలేదు. ఆయన మళ్ళీ టీ వేళకి గానీ లేవలేదు.

ఆ తర్వాత భ్రమరాంబ గారు వెల్డింగు షాపు మస్తాన్‌ని పిలిపించింది. గేటు మొత్తం విప్పేయమంది.

"రిపేరాండీ?" అన్నాడు మస్తాన్.

"కాదు నాయనా. దీంతో ఇక పనిలేదు." ఆవిడ మూడో బోర్డు కూడా పీకి అతనికే ఇచ్చేసింది. తాళం, తాళంచెవి కూడా పాత ఇనుములో పడేసింది. కాలనీ కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది.

మర్నాడే ఏం జరిగిందో తెలుసా? గేటు లేదని ఒక ఆవు దర్జాగా లోపలికి వచ్చి, నందివర్ధనం మొక్కల్ని మొదలంటా మేసి పడుకుంది. చెప్పలేదా, చెప్పలేదా అన్నారు కాలనీవాళ్ళు. భ్రమరాంబ గారికి ప్రాణం ఉసూరుమంది. పాత ఆవిడే అయితే ఆ పూటే ఇంకా పెద్ద గేటు పెట్టించేది. ఇప్పుడు మస్తాన్‌ని మళ్ళీ పిలిచింది. ఆ గేటు ఊచలే కోయించి, దారిలో అటొకటి ఇటొకటి మెలికగా పాతించింది. మనుషులు వంకర తిరిగి దూరిపోతారు. ఆవుకి ఆ ఒయ్యారం రాదు.

ఆదివారం లాస్య వాళ్ళు వచ్చి తొక్కుడుబిళ్ళ గీశారు. ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం మధ్యాహ్నం అప్పన్న పెళ్ళాంతో కానుగ చెట్టు కింద కాసేపు నడుం వాల్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. నూకాలు మాత్రం ఊడవడం, బయటికి వెళ్ళడం, గట్టుమీద తినడం. మార్పు లేదు.

భ్రమరాంబ గారు కూడా నూకాల్ని మళ్ళీ పిలవలేదు. సోమవారం పొద్దున్న తనే ఉప్మా డబ్బా తెచ్చుకుని బెంచీమీద కూర్చుని తింది. తింటుంటే రెండు పలుకులు కింద పడ్డాయి. చీమలొచ్చాయి. నూకాలు చీపురు పట్టుకుని అది చూసింది. చీపురు భుజాన పెట్టుకుని వెళ్ళిపోయింది. మంగళవారం కూడా అంతే. బుధవారం పొద్దున్న ఊడవడం అయ్యాక, నూకాలు చేతులు కడుక్కుని వచ్చి ఆ బెంచీ చివర కూర్చుంది. డబ్బా తెరిచింది. మధ్యలో ఇద్దరు పట్టేంత చోటుంది. ఇద్దరూ ఎవరి డబ్బాలోది వాళ్ళు తిన్నారు.

నిద్రొస్తోందా? కొంచెమే ఉంది, ఆగు. అసలైన బుధవారం ఇప్పుడే.

నాలుగింటికల్లా ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. కుండపోతగా వాన. ఎండాకాలం వాన ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. ఎక్కడివాళ్ళక్కడ తలుపులు బిగించుకున్నారు. భ్రమరాంబ గారు కిటికీ దగ్గర నిలబడి పార్కు వంక చూస్తోంది. ఒక్క పురుగు లేదు. నాలుగూముప్పావుకి వాన వెలిసింది. అయినా ఎవరొస్తారు? గడ్డి చిత్తడి. బెంచీలు తడి. ఇళ్ళల్లో అందరూ ఫ్యాన్ల కింద హాయిగా ఉన్నారు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఇంత చేసీ పోయింది కదా అని నిజంగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సరిగ్గా ఐదింటికి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. ఉక్కపోత మొదలైంది. ఒక తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు తెరుచుకుంది. పసిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు, తువ్వాళ్ళతో విసురుకుంటూ ముసలాళ్ళు, పుస్తకాలు పట్టుకుని కాలేజీ పిల్లలు, అందరూ బయటపడ్డారు. ఎక్కడికి వెళ్తారు? రోడ్డంతా నీళ్ళు. అందరూ మెలిక దారిలో దూరి పార్కులోకి వచ్చేశారు. ఎవరో కొంగుతో బెంచీ తుడిచారు. అప్పన్న పెళ్ళాం వేయించిన శనక్కాయలు తెచ్చింది. లాస్య తడి నేలమీద పుల్లతో గళ్ళు గీసింది. సాయంత్రం డ్యూటీ అయిన నూకాలు ఎవరూ పిలవకుండానే వచ్చి, ఎప్పటి చోటే అన్నట్టు బెంచీ చివర కూర్చుంది.

ఐదున్నరకి పీతాంబరం గారు వచ్చారు. ప్యాంటు పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఊచల మధ్య మెలికలు తిరుగుతూ వచ్చారు. ఫైలు తెరిచి రాద్దామని బెంచీ కోసం చూశారు. నాలుగూ నిండిపోయాయి.

"అందర్నీ మీరే పిలిచారా అమ్మా?" అని అడిగారు.

అవునంటే సరిపోయేది. కానీ భ్రమరాంబ గారు అబద్ధమాడలేదు. "నేను పిలిస్తే రాలేదండీ. కరెంటు పోతే వచ్చారు."

ఆయనకి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆపుకుని, "మరి రేపు కరెంటుంటే?" అన్నారు.

"రేపు మీరే వచ్చి చూడండి. తాళం తీయమని నన్ను అడిగే పని కూడా లేదు."

ఆయన ఆ రోజు ఏమీ రాయలేదు. ఫైలు మూసుకుని వెళ్ళిపోయారు. గురువారం వచ్చారు. ఆ రోజు కరెంటుంది. మనుషులు నిన్నటంత లేరు. కానీ ఉన్నారు. శుక్రవారం వచ్చారు. ఉన్నారు. శనివారం వచ్చేసరికి గడ్డి మధ్యలో అక్కడక్కడా మట్టి తేలింది. ఆయన వంగి ఆ మట్టిని చేత్తో తాకి చూసి, అప్పుడు నిలబడే రాశారు. వాడుతున్నారు, రోజూ వాడుతున్నారు అని రాశారు.

నెల తిరిగాక ఉత్తరం వచ్చింది. కార్లకి పాత ధాన్యం గోడౌన్ల వెనక చోటు చూశారట. వెలగతోపు పార్కు ఎప్పటిలాగే పార్కుగా ఉంటుందట. భ్రమరాంబ గారు ఆ ఉత్తరం మూడుసార్లు చదువుకుంది. అందరికీ చదివి వినిపిద్దామని, ఉత్తరం పట్టుకుని, వయసు మరిచిపోయి పరుగులాంటి నడకతో పార్కుకి వచ్చింది. గొంతు సవరించుకుంది. పాత వార్డెన్ గొంతు.

"తప్పుకోండి అమ్మమ్మగారూ, గీత తొక్కేశారు" అంది లాస్య.

భ్రమరాంబ గారు కిందికి చూసింది. నిజమే, కాలు గీతమీదే ఉంది. గభాలున కాలు తీసి పక్కకి జరిగింది. పిల్లలు మళ్ళీ ఆటలో పడ్డారు. చేతిలో ఉత్తరం వంక ఎవరూ చూడలేదు. పార్కు ఇక్కడే ఉంటుందని వాళ్ళకెప్పుడో తెలిసినట్టుంది. నూకాలు బెంచీమీద కొంచెం జరిగి, "ఇలా రండమ్మా" అంది. భ్రమరాంబ గారు ఆ సందులో ఇరుక్కుని కూర్చుని, వీధి దీపాలు వెలిగేదాకా ఆ ఆట చూస్తూ ఉండిపోయింది.

అంతేనమ్మా.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్దరలో పడింది,
గడ్డేమో పాదాల కింద నలిగింది,
గువ్వేమో గూట్లోకి ఒదిగింది.
ఆటలేమో రేపటికి, మనమేమో మనింటికి.